కూర్చుంటే ఆలోచనలే ముసురుతున్నాయి.. ధ్యానం నా వల్ల అవుతుందా?

ప్రశ్న: నా వయసు 44. ప్రైవేటు బ్యాంకులో ఉద్యోగం. టార్గెట్ల ఒత్తిడితో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. చిన్నదానికే పిల్లల మీద విసుక్కుంటున్నాను. ఏడాదిగా బీపీ మాత్ర వేసుకుంటున్నాను. ధ్యానం చేస్తే మాత్ర మానేయవచ్చని స్నేహితురాలు అంటోంది. కానీ కళ్లు మూసుకుంటే చాలు, ఆఫీసు ఆలోచనలే. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మాత్ర మాత్రం మానకండి. ధ్యానంతో కొందరికి రక్తపోటు కాస్త తగ్గే మాట నిజమే గానీ, అది మందుకు తోడే తప్ప బదులు కాదు. మాత్ర ఆపేస్తే పైకి ఏ ఇబ్బందీ తెలియకుండానే బీపీ పెరిగిపోవచ్చు. మోతాదు తగ్గించాలా వద్దా అన్నది మీ రీడింగులు చూసి డాక్టరే చెప్పాలి.

ఇక ఆలోచనల సంగతి. ధ్యానమంటే మనసును ఖాళీ చేయడమన్న అపోహతో ఎంతోమంది మొదటి వారంలోనే వదిలేస్తున్నారు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. మెలకువగా ఉన్న మెదడు ఆలోచించకుండా ఉండదు. శ్వాస మీద ధ్యాస పెడతారు, కాసేపటికే మనసు రేపటి మీటింగు మీదికి పోతుంది. పోయిందని గమనించి మళ్లీ శ్వాస దగ్గరికి వస్తారు. అభ్యాసమంటే ఇదే. ముప్పైసార్లు పోతే ముప్పైసార్లూ వెనక్కి రండి, మిమ్మల్ని మీరు తిట్టుకోకుండా. ఈ గమనింపు అలవాటైతే, పిల్లల మీద మాట తూలకముందే కోపం వస్తున్నట్టు మీకు తెలుస్తుంది.

ఒత్తిడిలో అడ్రినలిన్, కార్టిజాల్ అనే హార్మోన్లు పెరిగి గుండె వేగంగా కొట్టుకుంటుంది, కండరాలు బిగుసుకుంటాయి. ఊపిరి నెమ్మదిగా వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. అందుకే 4 అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, 6 అంకెలు లెక్కపెడుతూ వదలండి. బిగబట్టవద్దు. కుర్చీలో కూర్చున్నా చాలు. రోజూ 10 నిమిషాలు, ఫోను పక్కగదిలో పెట్టి చేయండి. ఫలితం రెండు రోజుల్లో రాదు. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జాన్ కబాట్-జిన్ మొదలుపెట్టిన ధ్యాన శిక్షణ కూడా 8 వారాలు సాగుతుంది. 2014లో వెలువడిన ఒక సమీక్ష 47 అధ్యయనాలను పరిశీలించింది. ఆందోళన, కుంగుబాటు, నొప్పి ధ్యానంతో ఓ మోస్తరుగా తగ్గుతున్నాయని, అయితే మందులకన్నా, వ్యాయామంకన్నా అది మెరుగని తేలలేదని చెప్పింది. కాబట్టి ధ్యానంతో పాటు నడక కూడా అలవాటు చేసుకోండి.

నిద్రలేమిని పూర్తిగా ఒత్తిడి ఖాతాలో వేయకండి. ఈ వయసులో థైరాయిడ్ సమస్య, నెలసరి ఆగిపోవడానికి ముందు వచ్చే హార్మోన్ల మార్పులు కూడా నిద్ర చెడగొడతాయి. గట్టిగా గురక వస్తుంటే, పగలు కునికిపాట్లు పడుతుంటే ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పండి. స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) ఉంటే బీపీ ఓ పట్టాన అదుపులోకి రాదు.

కొందరికి కళ్లు మూసుకున్నప్పుడు పాత చేదు జ్ఞాపకాలు పైకి వచ్చి గుండెదడ, భయం ఎక్కువవుతాయి. అలా జరిగితే ధ్యానం ఆపి మానసిక వైద్యులను కలవండి. ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలకు మించి ఉన్నా, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆలస్యం చేయవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.