అక్కకు ఎమ్మెస్ ఉంటే చెల్లెలికీ వస్తుందా? వైరస్ అంటే అంటుకుంటుందా?

మీ అక్కకు మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎమ్మెస్, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తే మెదడు, వెన్నుపాములోని నరాల పైపొరను దెబ్బతీసే జబ్బు) అని తేలిందనీ, అది వైరస్ వల్ల వస్తుందని చదివి ఇంట్లో ఆవిడ కంచం, గ్లాసు వేరు పెట్టారనీ రాశారు. ముందు ఆ కంచం తీసుకెళ్లి మిగతా కంచాల్లో కలిపేయండి. తొమ్మిదేళ్లుగా ఇదే జబ్బుతో ఉన్నదాన్ని, అందుకే కాస్త గట్టిగా చెబుతున్నా.

నాకు మొదట కుడికన్ను మసకబారింది, కన్ను తిప్పితే నొప్పి. ఎమ్మారై తీసి, వెన్నులోంచి నీరు తీసి పరీక్ష చేశాక జబ్బు పేరు తెలిసింది. ఆ వారమే అత్తగారి వైపు పెద్దావిడ ఒకరు "మీ వంశంలో ఎవరికైనా ఉందా అమ్మా?" అని అడిగారు. పెళ్లప్పుడు దాచారా అని దానర్థం. మా వైపు తెలిసినంతలో ఎవరికీ లేదు.

జన్యువుల పాత్ర లేదని కాదు. 2019 నాటికే ఈ జబ్బుతో ముడిపడ్డ 230కి పైగా జన్యు తేడాలు గుర్తించారు. వాటిలో పెద్దది హెచ్ఎల్ఏ-డీఆర్‌బీ1*15:01 అనే, రోగనిరోధక శక్తికి సంబంధించిన జన్యు రూపం. అది ఉంటే ముప్పు సుమారు మూడింతలు. అయినా అచ్చుగుద్దినట్టుండే కవలల్లో ఒకరికి వస్తే రెండోవారికి వచ్చేది నూటికి పాతిక మందికే. మామూలు తోబుట్టువులకు నూటికి మూడు, నాలుగు. అదీ జబ్బు బాగా ఎక్కువగా ఉన్న పాశ్చాత్య దేశాల లెక్క.

ఇక వైరస్. దాని పేరు ఎప్‌స్టీన్-బార్, ఉమ్మి ద్వారా వస్తుంది. 2022లో కోటి మందికి పైగా అమెరికా సైనికుల రికార్డులు, దాచిన రక్తం నమూనాలు చూస్తే, ఈ వైరస్ సోకాక ఎమ్మెస్ ముప్పు 32 రెట్లు పెరిగింది. 801 మంది రోగుల్లో ఒక్కరు తప్ప అందరికీ జబ్బుకు ముందే అది సోకింది. భయపడకండి, అసలు సంగతి ఇప్పుడు చెబుతా: పెద్దవాళ్లలో నూటికి 95 మందికి ఈ వైరస్ ఉంటుంది. మన దగ్గర చాలామందికి చిన్నప్పుడే, ఎంగిలి ముద్దలతోనే వచ్చేసి ఉంటుంది. మీకూ ఎప్పుడో వచ్చే ఉంటుంది. గ్లాసు వేరు చేసి ఆపేదేముంది?

అందరికీ ఉన్న వైరస్ కొందరికే ఎందుకు చేటు చేస్తుంది? అదే 2022లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు ఒక ఆధారం చూపించారు. వైరస్‌లోని ఒక ప్రొటీన్ ముక్క, మెదడులోని గ్లయల్‌క్యామ్ అనే ప్రొటీన్ ముక్క ఒకే పోలికలో ఉంటాయి. తమ్ముడి బాకీకి అన్నను పట్టుకున్నట్టు, కొందరి యాంటీబాడీలు వైరస్ అనుకుని మన ప్రొటీన్‌నే పట్టుకుంటాయి. నాకు ఎక్కించే రిటుక్సిమాబ్ అనే మందు బీ కణాలను, అంటే యాంటీబాడీల తయారీకి మూలమైన ఒక రకం తెల్ల రక్తకణాలను తీసేస్తుంది. ఆ వైరస్ దాక్కునేదీ వాటిలోనే. మందు పనిచేసేది అందుకేనని ఇంకా తేలలేదు గానీ, సెలైన్ ఎక్కుతుంటే నాకు అదే గుర్తొస్తుంది.

జన్యు పరీక్షకు డబ్బు తగలేయకండి. పిల్లల్ని సిగరెట్ పొగకు దూరంగా ఉంచండి, ఒళ్లు మరీ పెరగకుండా, విటమిన్ డి తగ్గకుండా చూడండి. ఎవరికైనా ఒక కన్ను మసకబారి మర్నాటికీ తగ్గకపోతే వెంటనే డాక్టరుకు చూపించండి. ఇంకొకటి, ఎండాకాలం పొయ్యి దగ్గర నుంచి మీ అక్కను లేపి ఫ్యాన్ కింద కూర్చోబెట్టండి. వేడికి మాకు కాళ్లు తేలిపోతాయి, అడగడానికి మొహమాటం.