ప్రతి శనివారం, అదే చోటు

సంక్రాంతికి హైదరాబాద్ నల్లకుంటలోని మా ఇంటికి వచ్చినప్పుడల్లా, అమెరికా ప్రయాణంలో ఉన్న పిల్లలు నలుగురైదుగురు వచ్చి సందేహాలు అడుగుతారు. కుక్కరు తీసుకెళ్లాలా, ఆవకాయ కారకుండా ఎలా కట్టాలి, చలికోటు ఎక్కడ కొనాలి. ఈసారి ఎదురింటి అక్కయ్యగారి అమ్మాయి, కొత్తగా పెళ్లయి, అక్కడ ఉద్యోగానికి వెళ్లినవారి కుటుంబానికి ఇచ్చే హెచ్‌4 వీసా మీద వెళ్తున్నది, అందరూ వెళ్లేదాకా ఆగి అడిగింది: "అక్కడ నాతో మాట్లాడే మనుషులు ఎలా దొరుకుతారు పిన్నీ?"

ఇరవై రెండేళ్ల కిందట ఒహాయోలో దిగినప్పుడు నాకూ ఇదే దిగులు. అప్పట్లో హెచ్‌4 మీద వచ్చినవాళ్లకు ఉద్యోగం చేసే దారే లేదు. కొందరికైనా పని అనుమతి వచ్చింది 2015లో. మా ఆయన ఆఫీసుకు వెళ్తే సాయంత్రం దాకా ఇంట్లో మాట వినిపించేది కాదు. ఏడు నెలల తరువాత ఊరి గ్రంథాలయం గోడమీద ఒక కాగితం చూసి, దగ్గరలోని ఫుడ్ ప్యాంట్రీకి వెళ్లాను. ఇబ్బందుల్లో ఉన్న కుటుంబాలకు సరుకులు ఇచ్చే చోటు అది. ఉబ్బిన డబ్బాలు ఏరి పారేయడం, తేదీలు చూడటం, బియ్యం, బీన్స్ సంచుల్లో సర్దడం నా పని.

నా ఎదురుగా నిలబడే పెద్దావిడ బస్సు నడిపి పదవీ విరమణ చేసింది. మూడు వారాలు ఆమె నాతో పలికింది "ఆ పెట్టె ఇటు ఇవ్వు" అన్న మాటే. నాలుగో వారం జ్వరం వచ్చి వెళ్లలేదు. అయిదో వారం తలుపు తీయగానే, "పోయిన వారం రాలేదేం? ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది. నేను రాలేదని ఆ దేశంలో గమనించిన మొదటి మనిషి ఆమె. మా పాప పుట్టినప్పుడు మా మెట్లమీద మంచు తీసింది కూడా ఆమే.

అందుకే ఆ అమ్మాయికి చెప్పాను: పది చోట్లకు తిరగకు. ఒక్క చోటు ఎంచుకుని, ప్రతి వారం అదే రోజు, అదే వేళకు వెళ్లు. చేతులకు పని ఉంటే మాట కోసం వెతుక్కోనక్కరలేదు, భాష తడబడినా ఎవరూ పట్టించుకోరు. గుడిలో వడ్డనకు, తెలుగు సంఘం పనులకు తప్పక వెళ్లు, కానీ అక్కడితో ఆగిపోకు. పక్కింటివాళ్లు ఎవరో తెలియని ఊరు ఎన్నేళ్లున్నా సొంతం కాదు.

వీసా సంగతి మాత్రం జాగ్రత్త. హెచ్‌4 మీద, విద్యార్థులకు ఇచ్చే ఎఫ్‌1 మీద ఉన్నవాళ్లు ధర్మసంస్థల్లో జీతం ఆశించకుండా నిజమైన సేవ చేయవచ్చు. మామూలుగా జీతమిచ్చి చేయించే పనిని ఉచితంగా చేయమన్నా, లాభాల కోసం నడిచే కంపెనీ "అనుభవం వస్తుంది, తరువాత జీతం ఇస్తాం" అన్నా ఒప్పుకోకండి. అనుమానముంటే ఇమిగ్రేషన్ లాయరును, విద్యార్థులైతే కాలేజీలోని విదేశీ విద్యార్థుల కార్యాలయాన్ని ముందే అడగండి. పిల్లలతో పనిచేసే చోట్ల మీ పూర్వాపరాలు విచారిస్తారు. అందుకు కొన్ని వారాలు పట్టవచ్చు, దాన్ని అవమానంగా తీసుకోకండి.

విమానం ఎక్కేదాకా ఆగడం ఎందుకు? ఈ అలవాటు హైదరాబాద్‌లోనే మొదలుపెట్టవచ్చు. సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం 1901లో వెలసింది. ఉర్దూ రాజభాషగా ఉన్న నగరంలో తెలుగువాళ్లు తమ మనుషులను కలుసుకోవడానికి పుస్తకాల చుట్టూ చేరారు. మా నాన్నగారు ఆదివారాలు అక్కడికి వెళ్లేవారు. ఆయన ప్రాణస్నేహితులంతా అక్కడ పరిచయమైనవారే. పరాయి భాష మధ్య మనుషులను ఎలా సంపాదించుకోవాలో ఒహాయో వెళ్లకముందే మా ఇంట్లో కనబడుతూనే ఉంది. నేను ఆలస్యంగా గుర్తించాను.

ఆ అమ్మాయి ప్రయాణం మార్చిలో. ఈలోగా చూపులేని ఒక డిగ్రీ విద్యార్థినికి పాఠాలు చదివి వినిపించడానికి బుధ, శనివారాలు మలక్‌పేట వెళ్తోంది. మొన్న చరిత్ర పాఠం అయిపోయాక ఇద్దరూ బస్‌స్టాపులో నిలబడి మాట్లాడుకుంటూ రెండు బస్సులు వదిలేశారట.