డెత్ వ్యాలీకి బైక్ మీద వెళ్లే ముందు కార్డు లిమిట్ చూస్కో తమ్ముడూ

కాలిఫోర్నియాలో డెత్ వ్యాలీ ఎడారి నుంచి సియెర్రా కొండల మీది టియోగా పాస్ (కనుమ దారి) దాకా బైక్ మీద వెళ్తానన్నావు, లద్దాఖ్ చేసొచ్చాను, అది నాకొక లెక్కా అన్నావు. ఎత్తు చూస్తే నిజమే, అది పదివేల అడుగులు కూడా లేదు. కానీ సముద్ర మట్టానికి 282 అడుగుల కిందున్న డెత్ వ్యాలీలోని బ్యాడ్‌వాటర్ నుంచి అంత ఎత్తుకి ఎక్కాలి, దారిలో టీ బడ్డీ ఉండదు, పంక్చర్ షాపు ఉండదు, ఏం జరిగినా డాలర్లు కట్టాల్సిందే.

నేను వెళ్లినప్పుడు అమెరికాకి కొత్త, క్రెడిట్ హిస్టరీ లేదు, డిపాజిట్ కట్టి తీసుకున్న చిన్న కార్డు ఒక్కటే దిక్కు. బైక్ అద్దెకిచ్చినవాళ్లు సెక్యూరిటీ కింద దాని లిమిట్ దాదాపు మొత్తం హోల్డ్ పెట్టేశారు (అంటే వాడుకోకుండా ఆపేశారు), నేను చూసుకోలేదు. పైగా అందంగా ఉందని హార్లీ ఫార్టీ ఎయిట్ తీసుకున్నా, దాని ట్యాంకు 2.1 గ్యాలన్లే. లోన్ పైన్ ఊళ్లో ఫుల్ చేసి డెత్ వ్యాలీకి వెళ్లే హైవే 190 ఎక్కా, పానమింట్ స్ప్రింగ్స్‌లో గ్యాస్ (పెట్రోలు) రేటు చూసి గుండె గుభేలుమని ఆగకుండా వెళ్లిపోయా, తీరా టౌన్ పాస్ అనే కనుమ ఎక్కుతుంటే రిజర్వ్ లైట్ వెలిగింది. అవతల అంతా దిగుడే కాబట్టి ఎలాగో స్టవ్‌పైప్ వెల్స్ చేరా. పంపు దగ్గర కార్డు డిక్లైన్. ఫోన్‌కి సిగ్నల్ లేదు. జేబులో ఉన్న క్యాష్ గ్యాస్‌కే సరిపోయింది, ఆ రాత్రి రూము కోసం అక్కడి ల్యాండ్‌లైన్ నుంచి రూమ్మేట్‌ని బతిమాలి వాడి కార్డు మీద తీసుకున్నా.

అందుకే చెప్తున్నా, హోల్డ్ ఎంతో ముందే అడుగు, రెండో కార్డు, కొంచెం క్యాష్ దగ్గర పెట్టుకో. క్రెడిట్ కార్డుల రెంటల్ కవరేజీలో మోటార్‌సైకిళ్లు సాధారణంగా ఉండవు, కారు ఇన్సూరెన్స్ కూడా వర్తిస్తుందని అనుకోకు, బైక్ అద్దె కౌంటర్ దగ్గర ఇచ్చే ఇన్సూరెన్స్ కొనుక్కో, మీ కుర్రాళ్లు అక్కడే పొదుపు చేస్తారు. అక్కడ పడితే హెలికాప్టర్ రావాలి, ఆ బిల్లు తల్చుకుంటేనే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

సీజన్ అంటావా, టియోగా మంచు తీసి తెరిచేసరికి మే చివరో జూనో అవుతుంది, అప్పటికి కింద కొలిమే (1913లో ఫర్నేస్ క్రీక్‌లో 134 ఫారెన్‌హీట్ రికార్డయింది). సెప్టెంబర్ చివర, అక్టోబర్ మొదట్లో అయితే రెండూ కుదురుతాయి. ఎండలో జాకెట్ తీసేయకు, లోపల టీషర్ట్ తడిపి పైన జిప్ పెట్టెయ్, వేడిగాలి ఒంటికి తగిలితే నీరంతా లాగేస్తుంది. ఎం1 (కాలిఫోర్నియా మోటార్‌సైకిల్) లైసెన్సు, హెల్మెట్ తప్పనిసరి, మిగతావి లైసెన్సులిచ్చే డీఎంవీ ఆఫీసు సైట్‌లో చూస్కో.

హైవే 395 మీద బిషప్ నుంచి లీ వైనింగ్ దాకా ఉన్న రోడ్డు లాంటిది నేనింకెక్కడా చూళ్లేదు, పక్కనే సియెర్రా కొండలు, చివర్లో మోనో లేక్. ఇప్పుడు సొంత బైక్ ఉంది, లోన్ లేకుండా కొన్నా, అక్టోబర్ వస్తే అటే వెళ్తా. ఇంకోటి, బైక్ తిరిగిచ్చినా హోల్డ్ అదే రోజు పోదు, కొన్ని రోజులు పడుతుంది, ఆ నెల సరుకులకీ ఫోన్ బిల్లుకీ డబ్బులు వేరేగా తీసిపెట్టుకో.