హోటల్ పనికి విదేశానికి: వీసా ఒకటి, పని అనుమతి ఇంకొకటి

ఈసారి ప్రశ్నలన్నీ వంటగది చుట్టూ తిరిగేవే. దేశాలు వేరైనా అందరినీ మేం అడిగేది ఒక్కటే: చేతిలో ఉన్న కాగితం ఆ దేశంలో అడుగు పెట్టడానికా, పని చేయడానికా?

ప్రశ్న: మా తమ్ముడు పదో తరగతి పాస్ కాలేదు. దుబాయ్‌లో ఒక రెస్టారెంట్‌లో కిచెన్ హెల్పర్ పని ఉందని ఏజెంటు లక్షా ఇరవై వేలు అడుగుతున్నాడు. ముందు విజిట్ వీసా మీద పంపి, వెళ్లాక కంపెనీ వీసాకు మార్పిస్తాడట. పంపమంటారా?
– జగిత్యాల జిల్లా నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఇలా మాత్రం పంపకండి. ఏజెంటు మాటలో సగం నిజముంది, చిక్కంతా ఆ సగంతోనే. యూఏఈలో విజిట్ వీసా మీద ఉన్న మనిషి దేశం దాటి రాకుండానే ఉద్యోగ వీసాకు మారే వీలుంది. కానీ దానికి ముందు కంపెనీ ఆఫర్ లెటర్ ఇవ్వాలి, మోహ్రే అని పిలిచే అక్కడి కార్మిక శాఖ వర్క్ పర్మిట్ మంజూరు చేయాలి. ఆ పర్మిట్ వచ్చేదాకా వంటగదిలో ఒక్క గిన్నె కడిగినా అది అనుమతి లేని పనే. ఎక్కువసార్లు జరిగేదేమిటంటే, ‘ట్రయల్’ అని చెప్పి రెండు నెలలు పని చేయించుకుంటారు. ఈలోగా విజిట్ గడువు తీరిపోయి, రోజుకు 50 దిర్హమ్‌ల చొప్పున జరిమానా ఎక్కడం మొదలవుతుంది. జీతం అడుగుదామంటే కాంట్రాక్టు ఉండదు, బ్యాంకులో జీతం పడిన జాడా ఉండదు. మనవాళ్లు ‘కల్లివెల్లి’ (సరైన కాగితాలు లేకుండా అక్కడే ఉండిపోయినవాళ్లు) అయ్యే దారుల్లో ఇదొకటి. పర్మిట్ లేనివాళ్లను పనిలో పెట్టుకున్న యజమానికి 2024 సవరణ తర్వాత లక్ష నుంచి పది లక్షల దిర్హమ్‌ల దాకా జరిమానా ఉంది. అందులో మీ తమ్ముడి చేతికి వచ్చేదేమీ లేదు, ఆయన్ని తిరుగు విమానం ఎక్కిస్తారు.

సరైన వరస ఇది. మొదట మోహ్రే ఆఫర్ లెటర్. కంపెనీ లెటర్‌హెడ్ మీద టైపు కొట్టిన కాగితం దీనికి సాటి రాదు. మోహ్రే లెటర్‌కు నంబరు ఉంటుంది, దాన్ని ఆ శాఖ వెబ్‌సైట్‌లోనో యాప్‌లోనో సరిచూసుకోవచ్చు. మీ తమ్ముడు దాని మీద సంతకం పెట్టాక వర్క్ పర్మిట్, ఆ తర్వాత ఎంట్రీ పర్మిట్ వస్తాయి. ఎంట్రీ పర్మిట్ చేతికి రాగానే మూడు చోట్ల వేలు పెట్టి చదవండి: అది ఏ రకం, వృత్తి దగ్గర ఏం రాశారు, స్పాన్సర్ ఎవరు. స్పాన్సర్ దగ్గర రెస్టారెంట్‌కు బదులు ఏదో టూరిజం కంపెనీ పేరుంటే అది విజిట్ వీసాయే, ఏజెంటు ఏ పేరుతో పిలిచినా సరే. విమానం దిగాక రక్త పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, ఎమిరేట్స్ ఐడీకి వేలిముద్రలు, ఆ తర్వాత రెసిడెన్సీ. తిండి ముట్టుకునే పని కాబట్టి దుబాయ్‌లో ఆక్యుపేషనల్ హెల్త్ కార్డు కూడా కావాలి. రిక్రూట్‌మెంట్ ఖర్చు కార్మికుడి మీద వేయకూడదని 2021 నాటి కార్మిక చట్టంలోని 6వ అధికరణం చెబుతోంది. నేరుగా అడిగినా, జీతంలో కోసుకున్నా అది తప్పే.

ఆఫర్ లెటర్‌లో జీతం మొత్తం ఎంత అన్నదాని కంటే బేసిక్ ఎంత అన్నది ముందు చూడండి. చివర్లో ఇచ్చే గ్రాట్యుటీని బేసిక్ మీదే లెక్కగడతారు, మొదటి ఐదేళ్లూ ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున. ఇద్దరికీ నెలకు 1,500 దిర్హమ్‌లే వస్తున్నాయనుకోండి. ఒకరి బేసిక్ 1,500, ఇంకొకరి బేసిక్ 800, మిగతాది అలవెన్సులు. రెండేళ్లకు మొదటివారికి 2,100 వస్తే రెండోవారికి 1,120 దిర్హమ్‌లే. సంతకం పెట్టాక ఈ అంకె గురించి ఎంత గొడవపడినా లాభం ఉండదు.

పది పాస్ కాలేదన్నారు కాబట్టి మీ తమ్ముడిది ఈసీఆర్, అంటే ఎమిగ్రేషన్ తనిఖీ అవసరమైన పాస్‌పోర్టు అయ్యుండాలి. యూఏఈతో సహా 18 దేశాలకు ఉద్యోగం మీద వెళ్లాలంటే ఈసీఆర్‌వాళ్లకు మన ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్ ద్వారా ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. విజిట్ వీసా దారిలో ఏజెంటు తప్పించుకోవాలనుకునేది దీన్నే. క్లియరెన్స్ ఉంటే కాంట్రాక్టు, జీతం, యజమాని వివరాలు ప్రభుత్వం దగ్గర నమోదవుతాయి, ప్రవాసీ భారతీయ బీమా కూడా వస్తుంది. దాని ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా శాశ్వత వైకల్యం వచ్చినా పది లక్షలు.

ఇక ఆ లక్షా ఇరవై వేలు. లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోదగ్గ సర్వీసు చార్జి గరిష్ఠంగా 30,000, పైన 18 శాతం జీఎస్టీ, కలిపి 35,400 రూపాయలు. దానికి రసీదు ఇవ్వాలి. లైసెన్సు నంబరు అడిగి, ఈ-మైగ్రేట్ జాబితాలో అది ఇంకా చెల్లుతోందో లేదో మీరే చూసుకోండి. ‘నేను ఫలానా ఆఫీసు మనిషిని’ అనే ఊళ్లోని సబ్ ఏజెంటుకు చట్టంలో చోటు లేదు. ప్రభుత్వ సంస్థలు కావాలంటే తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ ఉన్నాయి. ఒకవేళ ఎవరైనా ఇప్పటికే దుబాయ్ వెళ్లి ఇరుక్కుని ఉంటే అక్కడి ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి 800 46342కు ఫోన్ చేయమనండి, ఉచితం.

ప్రశ్న: సింగపూర్‌లో సర్వర్ పని అన్నారు. వచ్చిన ఐపీఏ (వర్క్ పర్మిట్‌కు ముందస్తు ఆమోదం) కాగితంలో మాత్రం కుక్ అని ఉంది. ‘అది మామూలే’ అంటున్నారు. నిజంగా మామూలేనా?
– అమలాపురం నుంచి ఒక పాఠకుడు

జవాబు: కాదండి. 2023 సెప్టెంబరు 1 నుంచి సింగపూర్‌లోని భారతీయ రెస్టారెంట్లు మన దేశం నుంచి కుక్‌లను వర్క్ పర్మిట్ మీద తెచ్చుకునే వీలు కలిగింది. అంతకుముందు సేవా రంగంలో ఆ పర్మిట్‌కు భారతీయులు అర్హుల జాబితాలోనే లేరు. ఈ వెసులుబాటు జాబితాకెక్కిన పనులకే, టేబుళ్ల దగ్గర వడ్డించే సర్వర్ అందులో లేడు. అందుకే కాగితం మీద కుక్ అని రాసి, హాల్లో పని చేయించాలని చూస్తారు. వర్క్ పర్మిట్ మీద ఉన్నవారు అందులో రాసిన యజమాని దగ్గర, అందులో రాసిన పనే చేయాలి. తనిఖీలో ట్రేతో కనపడితే ముందు పోయేది మీ పర్మిట్.

ఇంకో గుర్తు జీతం. ఈ పద్ధతిలో తెచ్చుకున్న కుక్‌కు నెలకు కనీసం 2,000 సింగపూర్ డాలర్ల స్థిర జీతం ఇవ్వాలన్నది షరతు. ఐపీఏలో 2,000 ఉండి, నోటిమాటగా 1,200 అంటుంటే మిగతా 800 వెనక్కి అడగబోతున్నారని అర్థం. అలా వెనక్కి తీసుకోవడం అక్కడ నేరం. ఐపీఏ అసలుదో కాదో సింగపూర్ మానవ వనరుల శాఖ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. సింగపూర్ ఏజెన్సీ మీ దగ్గర తీసుకునే ఫీజు కాంట్రాక్టులో ఏడాదికి ఒక నెల జీతం మించకూడదు, ఎన్నేళ్లయినా మొత్తం రెండు నెలల జీతం దాటకూడదు. నిజంగా కుక్‌గానే వెళ్తుంటే అక్కడ ఫుడ్ సేఫ్టీ కోర్సు మొదటి స్థాయి పాస్ కావాలి, ముందే తెలుసుకుని వెళ్లండి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఎమ్మెస్ చదువుతున్నాడు. శని, ఆదివారాలు ఒక ఇండియన్ రెస్టారెంట్‌లో చేస్తే క్యాష్ ఇస్తారట. క్యాష్ కదా, రికార్డు ఉండదు అంటున్నాడు.
– గుంటూరు నుంచి ఒక తల్లి

జవాబు: అమ్మా, దయచేసి ఆపించండి. ఎఫ్-1 మీద ఉన్న విద్యార్థి చదువు నడిచే రోజుల్లో క్యాంపస్‌లోనే, వారానికి 20 గంటల దాకా పని చేయవచ్చు. బయటి రెస్టారెంట్‌లో అనుమతి లేకుండా చేస్తే స్టేటస్, అంటే అక్కడ చట్టబద్ధంగా ఉండే హోదా పోతుంది. మామూలుగా స్టేటస్ తప్పినవాళ్లు తిరిగి నిలబెట్టుకోవడానికి రీఇన్‌స్టేట్‌మెంట్ అనే దారి ఉంది. అనుమతి లేని ఉద్యోగం చేసినవాళ్లకు ఆ దారి కూడా మూసుకుపోతుంది. క్యాష్‌కు రికార్డు లేకపోయినా రేపు గ్రీన్‌కార్డు ఫారంలో ‘ఎప్పుడైనా అనుమతి లేకుండా పని చేశారా’ అని సూటిగా అడుగుతారు. అవునంటే ఒక చిక్కు, కాదని సంతకం పెడితే అబద్ధం చెప్పిన మరో పెద్ద చిక్కు. ‘జీతం లేకుండా ఊరికే సాయం’ అన్నా ఒప్పుకోరు, జీతం ఇచ్చి చేయించుకునే పనే అది.

వంటగది పనే కావాలంటే క్యాంపస్‌లో ఉండే డైనింగ్ హాల్ సరిపోతుంది. దాన్ని బయటి కంపెనీ నడుపుతున్నా సరే, క్యాంపస్‌లో ఉండి విద్యార్థులకు వడ్డిస్తుంటే చాలు. మీ ఇంట్లో ఊహించని ఆర్థిక కష్టం వచ్చి ఉంటే, ఒక విద్యా సంవత్సరం పూర్తయ్యాక యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే డీఎస్ఓ అనే అధికారి సిఫారసుతో ఐ-765 దరఖాస్తు వేసి, బయట పని చేయడానికి అనుమతి అడగవచ్చు. అప్పుడూ ఈఏడీ అనే పని అనుమతి కార్డు చేతికి వచ్చాకే మొదటి రోజు పనికి వెళ్లాలి. చదువుకు అనుబంధంగా పని చేయనిచ్చే ఓపీటీ మీద రెస్టారెంట్ పని కుదరదు, అక్కడ ఉద్యోగం చదివిన సబ్జెక్టుకు నేరుగా సంబంధించినదై ఉండాలి.

ప్రశ్న: కెనడాలో రెస్టారెంట్ కుక్ పోస్టుకు ఎల్ఎంఐఏ పదిహేను లక్షలకు ఇస్తామంటున్నారు. పీఆర్‌కు (శాశ్వత నివాసానికి) పాయింట్లు కూడా వస్తాయట.
– హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఎల్ఎంఐఏ అమ్మే సరుకు కాదు. ఫలానా పోస్టుకు అక్కడివాళ్లు దొరకలేదని చూపించి యజమాని తెచ్చుకునే అనుమతి అది. దాని ఫీజు 1,000 కెనడా డాలర్లు, యజమానే కట్టాలి, మీ దగ్గర వసూలు చేయకూడదు. అది వచ్చినా మీకు పని అనుమతి వచ్చినట్టు కాదు. దాని కాపీతో మీరు వర్క్ పర్మిట్‌కు విడిగా దరఖాస్తు చేయాలి, మీ అనుభవ పత్రాలు అక్కడ చూస్తారు. వేలిముద్రల ఫీజు కలిపి మీ వంతు ఖర్చు 240 డాలర్లే. ఆ పర్మిట్ మీద ఇంకో హోటల్‌లో చేయడానికి లేదు.

రెస్టారెంట్ పనులు ఎక్కువగా తక్కువ జీతం విభాగంలోకి వస్తాయి. 2024 సెప్టెంబరు నుంచి నిరుద్యోగం 6 శాతం, అంతకు మించి ఉన్న మహానగరాల్లో ఈ విభాగం దరఖాస్తులను తీసుకోవడం ఆపేశారు. కాబట్టి మీరు ముందుగా అడగాల్సింది హోటల్ ఏ ఊళ్లో ఉందని. పాయింట్ల మాట పాతది. పీఆర్‌కు మనుషులను ఎంచుకునే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతిలో ఉద్యోగ ఆఫర్‌కు ఇచ్చే పాయింట్లను 2025 మార్చి 25న తీసేశారు.

ప్రశ్న: హోటల్ మేనేజ్‌మెంట్ చదివి ఆరేళ్లుగా షెఫ్‌గా చేస్తున్నాను. లండన్‌కు స్కిల్డ్ వర్కర్ వీసా దొరుకుతుందా?
– విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు

జవాబు: షెఫ్‌గా కొత్తగా వెళ్లడానికి ఇప్పుడు దారి లేదు. 2025 జులై 22న ఆ వీసాకు కావలసిన నైపుణ్య స్థాయిని డిగ్రీ స్థాయికి పెంచారు. మీరు డిగ్రీ చదివారా అన్నది కాదు లెక్క, ఆ ఉద్యోగాన్ని వాళ్లు డిగ్రీ స్థాయిదిగా గుర్తించారా అన్నది లెక్క. షెఫ్‌ను అలా గుర్తించలేదు. అంతకుముందే ఆ వీసా మీద అక్కడ ఉన్నవాళ్లు పొడిగించుకోగలరు. ‘రెస్టారెంట్ మేనేజర్ అని స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ ఇప్పిస్తాం, చేసేది వంటే’ అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఆ యజమాని స్పాన్సర్ లైసెన్సు రద్దయితే మీ వీసా గడువు కుదించుకుపోతుంది, సాధారణంగా 60 రోజుల్లో మరో స్పాన్సర్‌ను వెతుక్కోవాలి, లేదా తిరిగి రావాలి.