లైకా కొనబోతున్న బుజ్జికి

బుజ్జీ,

నీ మెసేజ్ చూశాను. బోనస్ డబ్బుతో పాత లైకా ఫిల్ము కెమెరా కొనాలనుకుంటున్నావు, బాగుంది. కానీ నువ్వు పంపిన లిస్టులోని బాడీలూ లెన్సులూ అన్నీ చూశాక ఒక బాడీ, ఒక లెన్సు ఉంచి మిగతావి కొట్టేయమంటాను. పొడి వాతావరణం ఉన్న ఊళ్ళో ఉంటే ఇంత గట్టిగా చెప్పేవాణ్ణి కాదు. మన మద్రాసు గాలికి, బీరువాలో దాచిపెట్టిన లెన్సు చూస్తుండగానే బూజు పడుతుంది. ఇక్కడ ఎన్ని కెమెరాలు వాడగలవో అన్నే ఉంచుకో.

నేను ఉంచేది లైకా ఎం3 బాడీ. జర్మనీలో వెట్జ్లార్‌లోని లైట్జ్ కంపెనీ 1954లో తెచ్చింది, 1966 దాకా చేసింది. రెండు లక్షలకు పైగా తయారయ్యాయి కాబట్టి ‘ఇది పోతే మళ్ళీ దొరకదు’ అనే మాట నమ్మకు. దాని వ్యూఫైండర్, అంటే మనం చూసే కిటికీ, 0.91 రెట్లు, అంటే దాదాపు మామూలుగా కంటికి కనబడినంత సైజులోనే చూపిస్తుంది. రెండు కళ్ళూ తెరిచే తీయొచ్చు. రంగనాథన్ వీధి రద్దీలో ఫ్రేములోకి ఎవరు రాబోతున్నారో ముందే తెలిసిపోతుంది. 50 ఎంఎం లెన్సు దీనికి సరిజోడు. మొదట్లో వచ్చినవాటికి ఫిల్ము ముందుకు జరపడానికి లీవర్ రెండుసార్లు లాగాలి, 1958 నుంచి ఒక్కసారే. ఈ తేడా మీద అమ్మేవాళ్ళు పెద్ద కథే చెబుతారు. నీ ఫోటోలకి దాంతో పనిలేదు.

నీ లిస్టులోని ఆ బంగారు పూత, నాజీ గద్ద ముద్ర ఉన్న కెమెరా సంగతి మర్చిపో. అలాంటివి చాలావరకు సోవియట్ ఫెడ్, జోర్కీ కెమెరాల మీద లైకా పేరు చెక్కినవే. అనుమానం ఉంటే లెన్సు విప్పి లోపల పైభాగం చూడు. అసలైన స్క్రూ లైకాలో (లెన్సు మరలా తిప్పి బిగించే పాత రకం) రేంజ్‌ఫైండర్‌ని, అంటే ఫోకస్ కుదిరిందో లేదో చూపే ఏర్పాటుని, కదిపే చేయి కొసన చిన్న గుండ్రటి రోలర్ ఉంటుంది. నకిలీల్లో సాధారణంగా ఆ చోట బిళ్ళలాంటి లోహపు ముక్క ఉంటుంది.

ఎం3 చేతికిచ్చాక తొందరపడకు. లెన్సు తీసి, ఒక వైపు నుంచి టార్చి ఏటవాలుగా కొట్టి, రెండో వైపు నుంచి చూడు. సన్నటి దారాల్లా పాకి ఉంటే బూజు, పొగలా ఉంటే హేజ్. హేజ్ చాలాసార్లు శుభ్రం చేయిస్తే పోతుంది. బూజు గాజు మీది కోటింగ్‌ని తినేసి ఉంటే ఎవరూ బాగుచేయలేరు. తర్వాత అడుగు పలక విప్పి, వెనక తలుపు పైకెత్తి, షట్టర్ గుడ్డ మీద వెలుతురు పడేలా పట్టుకుని రెండో వైపు నుంచి చూడు. ఎక్కడైనా చుక్కలా మెరిస్తే అక్కడ చిల్లు ఉన్నట్టే. ఒక సెకను స్పీడులో పెట్టి నొక్కితే మధ్యలో ఆగకుండా గరగరమని పూర్తవ్వాలి. ఈడ్చుకుంటూ పోతే లోపల గ్రీజు గట్టిపడిందన్నమాట, సర్వీసింగ్ ఖర్చు బేరంలో తగ్గించమను. ఆఖరున మేడ మీదికెళ్ళి, లెన్సు ఇన్ఫినిటీలో పెట్టి, దూరాన ఉన్న సెల్ టవర్ చూడు. వ్యూఫైండర్ మధ్యలోని చిన్న దీర్ఘచతురస్రంలో కనబడే రెండు బొమ్మలూ ఒకటిగా కలవాలి, ఎత్తులో కూడా తేడా ఉండకూడదు. ఆ దీర్ఘచతురస్రం బాగా మసకబారి ఉంటే కొనకు. ఆ రిపేరు బాగా ఖరీదు.

తెచ్చాక తోలు కేసులో మాత్రం దాచకు. తోలు చెమ్మ పీల్చుకుంటుంది. తేమని అదుపులో ఉంచే డ్రై క్యాబినెట్ కొని 45 శాతం తేమ దగ్గర పెట్టుకో. అప్పటిదాకా గాలి చొరబడని డబ్బా, సిలికా జెల్, లోపల తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ చాలు. వానాకాలంలో ఫోటోలు తీయకపోయినా వారానికోసారి బయటికి తీసి, అన్ని స్పీడులూ నొక్కి, లెన్సు అటూ ఇటూ తిప్పి పెట్టు.

ఎం3లో వెలుతురు కొలిచే మీటర్ లేదని టెన్షన్ పడకు. 400 స్పీడు ఫిల్ముకి మిట్టమధ్యాహ్నపు ఎండలో షట్టర్ 1/500 సెకను, లెన్సు రంధ్రం ఎఫ్16. మైలాపూరు కోనేరు పక్క నీడలోకి వచ్చావంటే ఎఫ్5.6కి తెరువు. ఫిల్ము అడుగు నుంచి ఎక్కించాలి, మొదట్లో చికాకుగానే ఉంటుంది. లీవర్ లాగినప్పుడల్లా రివైండ్ నాబ్ మీది ఎర్ర చుక్కలు తిరుగుతున్నాయో లేదో చూసుకో. తిరగకపోతే ఫిల్ము కదలట్లేదు, 36 బొమ్మలూ గల్లంతే. ఇంకో సంగతి, మనం చూసేది లెన్సులోంచి కాదు కాబట్టి మూత పెట్టి ఉన్నా వ్యూఫైండర్‌లో అంతా చక్కగానే కనిపిస్తుంది, నొక్కేముందు మూత తీశావో లేదో చూసుకో. అయినా మెరీనాలో సూర్యోదయం తీసేటప్పుడు మాత్రం షాటుకీ షాటుకీ మధ్య మూత పెట్టాల్సిందే. సూర్యుడి వైపు తిప్పి వదిలేస్తే భూతద్దంలా ఆ షట్టర్ గుడ్డని కాల్చేస్తుంది.

ఆదివారం అడయార్ వెళ్ళేటప్పుడు టార్చి మర్చిపోకు. కెమెరా అమ్మే ఆయన లెన్సు విప్పనివ్వనంటే కాఫీ తాగేసి వచ్చేయ్. మా ఫ్రిజ్‌లో రెండు హెచ్‌పి5 (బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము) రీళ్ళున్నాయి, పట్టుకెళ్ళు. బయటికి తీశాక ఓ గంట ఆగి డబ్బా తెరువు, లేకపోతే ఫిల్ముకి చెమ్మ పడుతుంది.

ఆశీస్సులతో,
పెదనాన్న