బెప్పూలో ఒక్క పూటే ఉంటే వెదురు బుట్టల మ్యూజియంకు వెళ్లొచ్చా?

జపాన్‌లో బెప్పూ వెళ్తున్నాం, ఒక్క పూటే ఉంది, వేడినీటి గుండాలు చూడాలా, వెదురు పనుల మ్యూజియం చూడాలా, పిల్లలు విసుక్కుంటారేమో అని అడిగారు. నన్నడిగితే మ్యూజియంకే వెళ్లమంటాను. గుండాల ఆవిరి ఊళ్లో ఎక్కడ నిలబడినా కనిపిస్తుంది.

నేను మేదరి ఇంటి మనవణ్ణి. రాజమండ్రిలో మా తాతయ్య గంపలు, చేటలు అల్లేవారు. మా తమ్ముడు బెప్పూలో చదువుకుంటున్నప్పుడు వాణ్ణి చూడటానికి వెళ్లి, ఆ మ్యూజియంలో సగం రోజు ఉండిపోయాను. చిన్నదే, మామూలుగా అయితే గంటలో చూసేయొచ్చు.

అందరూ ముందు షోనో షోఊన్‌సాయ్ పూలబుట్టల దగ్గరికి వెళ్తారు. వెదురు పనికి జపాన్‌లో ‘సజీవ జాతీయ నిధి’ గౌరవం మొదట అందుకున్నది ఆయనే, 1967లో. కానీ మీరు ముందు పనిముట్లు, బద్దలు చూడండి. కోసిన వెదురును రసాయనం కలిపిన నీళ్లలో ఉడికించి, జిడ్డు తీసి, ఎండబెడతారు. పచ్చదనం పోయి దంతం రంగుకు వస్తుంది. మనవాళ్లు పచ్చి వెదురునే చీలుస్తారు కదా, అక్కడే తేడా మొదలవుతుంది. తర్వాత చెక్క దిమ్మె మీద రెండు చిన్న కత్తులు ఎదురెదురుగా గుచ్చి, మధ్యలోంచి బద్దను లాగుతారు. రెండు అంచులూ చెక్కుకుపోయి బద్దలన్నీ ఒకే వెడల్పుకు వస్తాయి. తాతయ్యకు ఆ కొలత కంట్లోనే ఉండేది. కత్తి కదపకుండా బద్దనే లాగేవారు. ఆ పనిముట్లు, బద్దలు చూశాకే షోఊన్‌సాయ్ బుట్టల ముందు నిలబడండి. దారంలా సన్నగా ఉన్న ఒక్కో పేడు వెనక ఎంత పని ఉందో అప్పుడు తెలుస్తుంది.

బెప్పూ అల్లికల్లో ఎనిమిదింటిని మూలమైనవిగా చెబుతారు. ఆరు మూలల కన్నుతో ఉండేది మన కోళ్ల గంప అల్లికే. పిల్లలకు అది చూపించి, అమ్మమ్మ ఊళ్లో ఎక్కడ చూశారో అడగండి.

నన్ను బాగా కదిలించింది వేరే సంగతి. పూర్వం వేడినీటి స్నానాలకు వచ్చినవాళ్లు రోజుల తరబడి అక్కడే ఉండి వండుకునేవారట. వంటకు కొన్న బుట్టలు, జల్లెళ్లు ఇంటికి పట్టుకెళ్లేవారు. ఆ గిరాకీతో పని పెరిగింది. 1900ల మొదట్లోనే నేర్పడానికి బడి పెట్టారు. ఇప్పటికీ బెప్పూ ఉన్న ఒయితా ప్రాంత ప్రభుత్వమే శిక్షణ కేంద్రం నడుపుతోంది. మా ఇంట్లో అల్లిక తాతయ్యతోనే ఆగిపోయింది. నాన్నను నేర్చుకోనివ్వలేదాయన, చదువుకోమన్నారు. నేర్చుకోవడానికి బయటివాళ్లెవరూ మా గుమ్మం ఎక్కలేదు. బుట్ట అల్లడానికి ఒక బడి ఉంటుందని ఆయనకు తెలిసి ఉంటే ఏమనేవారో అని ఆ గదిలో చాలాసేపు అనుకున్నాను.

వీలుంటే అక్కడ అల్లే తరగతిలో కూర్చోండి, ముందుగా చెప్పి ఉంచాలి. నేను ‘షికాయినామి’ అనే బుట్ట అల్లాను. నాలుగు సముద్రాల అలలని అర్థం, నాలుగు వంపులతో ఉంటుంది. ఇంటికి తెచ్చి ఇస్తే నాయనమ్మ వేలితో అంచు తడిమి, తిరగేసి చూసి, “ఇక్కడ తడి ఆరాక వంచావురా” అంది. ఇప్పుడందులో వెల్లుల్లి పోసుకుంటోంది.

సోమవారం సెలవు, ఆ రోజు మాత్రం పెట్టుకోకండి. స్టేషన్ నుంచి బస్సుంది.