బుర్రా? మెదడా?

ప్రశ్న: “రాక్షసబల్లి బుర్రే కాలక్రమంలో పిట్ట బుర్ర అయింది” అని ఒక వ్యాసంలో చదివాను. శాస్త్ర విషయాలు రాసేటప్పుడు బుర్ర అనవచ్చా, మస్తిష్కం అనాలా? ‘పిట్టబుర్ర’ అన్న తిట్టు మనదేనా?

సమాధానం: మస్తిష్కం సంస్కృతం, మెదడు తెలుగు, అర్థం ఒకటే. చక్కటి మెదడు ఉండగా మస్తిష్కం ఎందుకో నాకు బోధపడదు. అసలు సంగతంతా బుర్రలో ఉంది.

బుర్ర అంటే మొదట డొల్ల. ఎండిన సొరకాయలో గుజ్జూ గింజలూ తీసేస్తే మిగిలేది సొరబుర్ర. తంబురకు అడుగున గుండ్రంగా ఉండేదీ బుర్రే, బుర్రకథకు పేరు అక్కడి నుంచే వచ్చింది. తర్వాత ఆ మాట తలకు అంటుకుంది, తలలోని తెలివికీ పాకింది. అయినా “వాడి బుర్రలో గుజ్జు లేదు” అన్నప్పుడు పాత అర్థం బతికే ఉంది చూడండి. బుర్ర వేరు, గుజ్జు వేరు. సంస్కృతంలో కపాలమూ ఇంతే, భిక్షాపాత్రా అదే, తల ఎముకా అదే. బుర్ర, పుర్రె ఒక తల్లి పిల్లలేమోనని నా అనుమానం, తేల్చి చెప్పలేను.

ఇప్పుడు శిలాజాల దగ్గరకు రండి. మెత్తని మెదడు రాయిగా నిలవడం చాలా అరుదు. నిలిచేది ఎముక గూడు. శాస్త్రవేత్తలు దానికి సీటీ స్కాన్ తీసి, లోపలి ఖాళీకి అచ్చు తయారుచేసి, ఆ అచ్చును కొలుస్తారు. అంటే వారి చేతికి దొరికేది అక్షరాలా బుర్ర! పెద్ద మొసలిలో మెదడు ఆ ఖాళీని పూర్తిగా నింపదు, మిగతా చోటంతా పొరలు, రక్తనాళాలు. భారీ డైనోసార్లలో చాలావాటి సంగతీ అలాంటిదే. పక్షిలో మెదడు గూటినిండా ఒదిగి, ఎముక లోపలి గోడ మీద తన ఆకారాన్ని అచ్చుగుద్దుతుంది. ముందు మెదడు ఉబ్బి, చూపుకు సంబంధించిన తమ్మెలను (ఇంగ్లీషులో లోబ్‌లు, మెదడులో ఉబ్బెత్తు భాగాలు) పక్కలకు నెట్టేస్తుంది.

జర్మనీలో దొరికిన ఆర్కియోప్టెరిక్స్ అనే తొలినాటి పక్షి శిలాజం వయసు సుమారు 15 కోట్ల ఏళ్లు. లండన్‌లో ఉన్న దాని బుర్రను స్కాన్ చేసి 2004లో ఫలితాలు ప్రకటించారు. లోపలి చోటు సుమారు 1.6 మిల్లీలీటర్లే, కానీ చూపు తమ్మెలు పెద్దవి, చెవిలో ఉండి ఒంటి తూకం తప్పకుండా చూసే గొట్టాలు పక్షి తరహావి. 2013లో వచ్చిన మరో పరిశోధన ఇంకా ముందుకు వెళ్లింది. ఎగరని డైనోసార్లలో కొన్నిటికి, ఒంటితో పోల్చి చూస్తే, ఆర్కియోప్టెరిక్స్ కంటే తీసిపోని మెదడు ఉందట. మెదడు పెరుగుదల రెక్కల చప్పుడు కంటే ముందే మొదలైందన్నమాట.

కాబట్టి శిలాజం గురించైతే బుర్ర అనడంలో తప్పు లేదు, పైగా అదే నిక్కమైన మాట. బతికున్న పక్షి గురించైతే మెదడు మేలు. మీరు చూసిన వాక్యంలో రెండు అర్థాలూ కలగాపులగం అయ్యాయి. రచయిత ఉద్దేశమేమిటో తెలియదు గనుక పూర్తిగా తప్పనను.

‘పిట్టబుర్ర’ మాత్రం ఇంగ్లీషు తిట్టుకు మక్కికి మక్కి. మట్టిబుర్ర, మొద్దుబుర్ర ఉండగా అరువెందుకు? పైగా అది అబద్ధం కూడా. కాకులు, చిలుకల ముందు మెదడులో, తమకన్నా పెద్ద మెదడున్న కోతులకు దీటుగా న్యూరాన్లు ఉన్నాయని 2016లో లెక్క తేలింది. శాస్త్రజ్ఞులూ ఈ పొరపాటు చేశారు. పక్షి ముందు మెదడంతా సహజాత ప్రవృత్తే అనుకుని భాగాలకు ‘స్ట్రియేటం’ (మెదడు లోపలి భాగం, సహజాతాలకు నెలవని అప్పటి నమ్మకం) చేర్చి పేర్లు పెట్టారు. 2004లో ఆ పేర్లు దిద్దుకుని, చాలా భాగాలకు ‘పేలియం’ (ఆలోచనకు ఆధారమైన పై భాగం) చేర్చారు. వాళ్లు వందేళ్ల పేర్లు మార్చుకోగా, మన పత్రికలవారు ఒక్క తిట్టు మానుకోలేరా?

రాక్షసబల్లి సంగతి మీరడగలేదు. 1842లో రిచర్డ్ ఓవెన్ గ్రీకులో పెట్టిన పేరుకు అది అనువాదం. అది బల్లి కాదు గానీ, మాట జనం నోట నలిగింది, ఉండనివ్వండి. డైనోసార్ అన్నా నాకు అభ్యంతరం లేదు.